చెవి ముందే మూతపడింది

ఆ ఊరి పెద్దాసుపత్రిలో మనుషులు చనిపోరు. వాళ్ళను వరుస ప్రకారం ఆపుతారు. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, కళ్ళు, చివర చెవులు. ఒక్కో అవయవాన్ని నడిపేందుకు ఒక్కో డ్రైవర్ ప్రోగ్రాం ఉంది. వాటిని రాసిన జోగినాథం అంతకుముందు కంప్యూటర్ల షట్‌డౌన్ పని చూసేవాడు. పద్ధతి ఒకటే కాబట్టి ఆసుపత్రివారు అతన్ని తీసుకున్నారు.

అందులో ఒక తప్పుందని అతనికి తెలుసు. మాట చెవికి చేరడమూ, చెవి మూతపడడమూ ఒకే క్షణంలో తటస్థిస్తే, ఏది ముందైతే అదే నెగ్గుతుంది. వెయ్యిమందిలో ఒకరికి చెవే నెగ్గి, మాట బయటే ఉండిపోయేది. బంధువులు ఫిర్యాదు తెస్తే, "మళ్ళీ జరిపి చూపిస్తే సరిచేస్తాం" అని రాసి కాగితం పక్కన పెట్టేవాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం అతని అక్క సుభద్రాయమ్మను ఆపడం మొదలుపెట్టారు. బావ పోయినప్పుడు ప్రోగ్రాం పరీక్ష ఉందని జోగినాథం వెళ్ళలేదు. అప్పటినుంచి తొమ్మిదేళ్ళుగా అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. కబురందగానే పరుగున మెట్లెక్కి, మంచం మీదికి వంగి, "అక్కా, తప్పు నాదే" అన్నాడు.

నర్సు మరియమ్మ కంప్యూటర్ తెరకేసి చూసింది. "చెవులు మూతపడిపోయాయండి."

"ఎప్పుడు?"

"మీరు అక్కా అన్నారు కదండీ, అప్పుడేనండి."

"ఆ ఒక్క ముక్కయినా వినపడిందా?"

"అదిందులో తెలీదండి."

జోగినాథం ఫిర్యాదు రాసి సూపరింటెండెంట్ చయనులుగారికి ఇచ్చాడు. ఆయన చదివి, "మళ్ళీ జరిపి చూపించగలవటయ్యా?" అని అడిగారు.

"మా అక్కని మళ్ళీ ఎలాగండీ?"

"నువ్వు అందరికీ రాసే జవాబే కదయ్యా ఇది."

మూడు వారాలు కూర్చుని తప్పు సరిచేశాడు. మాట బయల్దేరిందని నమోదైతే, అది చేరేదాకా చెవి మూతపడదు. అది పూర్తయిన రోజు తన సీట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. ఇంత చిన్న పని.

సంగతి ఊళ్ళో తెలిసింది. రావాల్సినవాళ్ళు ఫోన్ చేసి, "మాట బయల్దేరింది, రాసుకోండి" అని ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోతున్నారు. రెండో అంతస్తులో కాళ్ళూ చేతులూ కళ్ళూ ఆగిపోయిన నలభైమంది చెవులొగ్గి ఉన్నారు. ఫిర్యాదులు ఒక్కటీ లేవు. మంచాలు చాలక పెరట్లో రేకుల షెడ్డు వేయిస్తున్నారు.

బయల్దేరిన మాట చేరడానికి గడువు పెడదామని జోగినాథం బంధువులందరికీ ఫోన్లు చేశాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు.

"మేం రామని ఎవరన్నారండీ?" అని ఒకాయన కసిరాడు.

జోగినాథం ఆయన పేరుకెదురుగా 'బయల్దేరింది' అని మళ్ళీ రాసుకున్నాడు.