అరచెవి మహావిజయము

వినుడు! మధ్యాహ్నభోజనానంతర నిద్రాదేవత సకలజనుల కనురెప్పలపై కొలువుదీరగా, శీతలయంత్రము గురకపెట్టుచుండగా, ప్లాస్టిక్ పూలకుండీపై దుమ్ము ప్రశాంతముగా పేరుకొనుచుండగా, మూడవ అంతస్తులోని మీటింగ్ హాలున, బిస్కెట్ల పళ్ళెము చుట్టును ముగ్గురు మిత్రులు కూర్చుండి, మిత్రులు మాత్రమే చేయగల ఘోరయుద్ధమునకు సిద్ధమైరి. ఆ కథ చెప్పెదను. నవ్వు వచ్చినచో ఆపుకొనవలదు, నాకును ఆగుట లేదు.

ముగ్గురును ఒకే కూటమివారు. మోటారు పాడగుటకు ముందే దాని మూలుగు విని హెచ్చరించు చిన్నపెట్టెను కలిసి తయారుచేసినవారు. ఆ మూలుగులోని మర్మమును కనిపెట్టినది అనవరతపరిశోధనాజాగరూక యగు ల్యాబ్ మేడమ్. మర్మమును ప్రోగ్రాముగా మార్చినవాడు ఆమె ఒకప్పటి శిష్యుడు, నేడు సాఫ్ట్‌వేర్ కంపెనీ అధిపతి, అఖండకీబోర్డుతాండవపండితుడు. పెట్టెను పోతపోయించినవాడు ఫ్యాక్టరీ మేనేజరు, సర్వయంత్రఘోషసహిష్ణువు, మేడమ్‌కు స్వయానా అక్క మొగుడు. కూటమిలో ఎవరును ఎవరితోను బాహాటముగా పోట్లాడరాదు. అందుచేత పోట్లాటలన్నియు చిరునవ్వులతోనే జరుగుచుండెను.

ఆ దినమున తనిఖీ అధికారిణి రానున్నది. కూటమికి నాయకులెవరో ఆమె రిపోర్టున వ్రాయును. పెట్టెలను పరీక్షించుటకు ఇప్పుడు మేడమ్ ల్యాబ్‌లో ఉన్న పరీక్షాయంత్రము ఆ నాయకుల భవనమునకే చెందును. ఆ యంత్రమును మేడమ్ ఏళ్ళ తరబడి ఒక్కొక్క మరను తన చేతులతో బిగించి, జ్వరము వచ్చిన నాడును విడువక పెంచినది. ఫ్యాక్టరీకి పోయినచో అది రేయింబవళ్ళు సరుకు తనిఖీలో నలిగి చచ్చును. సాఫ్ట్‌వేర్ కంపెనీకి పోయినచో రిసెప్షన్‌లో అద్దాల వెనుక అలంకారమై కూర్చుండును. ఈ రెండును జరుగనీయరాదని ఆమె నిశ్చయించుకొనెను.

నాయకులెవరను సంగతి ఏ కాగితమునను లేదు. ఆ కూటమి ఆచారము మాత్రము అందరికిని తెలియును: మొదటి స్లైడుపై ఎడమ చివర ఎవరి లోగో ఉండునో వారే నాయకులు. ఆ స్లైడు ముగ్గురి ల్యాప్‌టాపులలోను ఒకేసారి తెరచియుండెను. ఒకరు కదిపినది తక్కిన ఇద్దరికిని తక్షణమే కనబడును. అనగా రణభూమి ఒకటి, సేనలు మూడు: మేడమ్‌ది చెవి బొమ్మ, మేనేజరుది పళ్ళచక్రము, శిష్యునిది మబ్బు.

మొదట పళ్ళచక్రము దొర్లివచ్చి చెవిని నలిపెను. చెవి ఎగిరి చక్రముపై కూర్చుండెను. అంతలో మబ్బు ఏనుగంత పెరిగి రెంటిని కప్పివేయగా, అడ్డువచ్చిన టైటిలు దిక్కుతోచక స్లైడు అడుగునకు జారిపోయెను.

"ఓయీ చక్రలాంఛనా! నా చెవిని తొక్కి ఎడమదిక్కు నేలెదవా? నా ప్రాణసమానయంత్రమును గొడ్డుచాకిరికి ఈడ్చుకొనిపోయెదవా? నీ పళ్ళు ఒక్కొక్కటిగా ఊడబెరికి, నిన్ను బోడిసున్నను చేసి, కుడిమూల పేజీనంబరు పక్కన కూర్చుండబెట్టకున్నచో నేను మా నాన్న కూతురినే కాను!" అని మేడమ్ హృదయము గర్జించెను. ఆమె నోరు మాత్రము, "బావగారూ, ఇంకో బిస్కెట్ తీసుకోండి" అనెను.

"నువ్వు తిను మరదలా, మొహం పీక్కుపోయింది" అనుచు బావగారు చక్రమును మరల ఎడమకు దొర్లించెను.

"ఏసీ తగ్గించమంటారా మేడమ్?" అని వినయముగా అడుగుచు శిష్యుడు మబ్బును ఇంకొంచెము పెంచెను.

అప్పుడు మేడమ్ దివ్యాస్త్రములను బయటికి తీసెను. శిష్యుని ల్యాప్‌టాపు బ్యాటరీ ఏనాడో చచ్చినదనియు, ఛార్జరే దాని ఊపిరి యనియు ఆమె ఎరుగును. ప్రతి మీటింగులోను అతడు ప్లగ్గు కొరకు బల్లల కింద దూరుట చూచినదే కదా!

"నాయనా, నీ ఛార్జర్ ఓసారి ఇస్తావా? నాది ఇంట్లో మర్చిపోయా."

గురువు అడుగగా కాదనగల శిష్యుడెవడు? ఇచ్చెను. మరుక్షణమే అతని తెర నల్లబడగా, ఇంకొక ఛార్జరు దొరకునేమోయని అతడు బల్ల కింద దూరెను.

పిమ్మట ఆమె బల్ల కింద ఫోను పట్టుకొని అక్కకు మెసేజి పంపెను: "బావకి వెంటనే ఫోన్ చెయ్యి. ఎందుకని అడక్కు."

అక్క అడుగలేదు. బావగారి ఫోను మ్రోగెను. హాలంతయు వినబడునట్లు, "ఏవండీ, గ్యాస్ కట్టేశారా లేదా?" అను కంఠము వెలువడెను.

"నేనెప్పుడు వెలిగించానే?" అనుచు ఆ మహావీరుడు కిటికీ కడకు పరుగిడెను. రణభూమి ఖాళీ! మేడమ్ మబ్బును కుడికొసకును చక్రమును నడుమకును నెట్టి, చెవిని ఈడ్చి, ఎడమ అంచున, ఇక ఈడ్చుటకు చోటులేనంత చివర నిలిపెను.

తలుపు తెరచుకొనెను. అధికారిణి వచ్చి కూర్చుండెను. ప్రొజెక్టరు వెలిగెను. అయ్యయ్యో! ఆ హాలులో తెర పొట్టిది. బొమ్మ ఎడమకొస తెర దాటి ముదురాకుపచ్చ పరదాపై పడి, చెవి చీకటిలో కలసిపోయెను. బతుకంతయు కొలతలతోనే గడపిన ముగ్గురిలో తెర వెడల్పు చూచినవారు ఒక్కరును లేరు! ఇప్పుడు తెరపై మొదటగా కనబడునది పళ్ళచక్రము. కిటికీ కడనుండి బావగారు, ఫోను చెవిన పెట్టుకొనియే, పళ్ళికిలించెను.

అధికారిణి పెన్ను తీసి, "సరే, ఎడమ నుంచి మొదలుపెడదాం. ఈ చక్రం ఎవరిదండీ?" అనెను.

లారీ ఎక్కుచున్న తన యంత్రము మేడమ్ కళ్ళ ముందు మెదలెను. అంతట ఆమె లేచి, కొంగు సవరించుకొనుచున్నట్లు నటించి, ప్రొజెక్టరున్న బల్లను నడుముతో ఒక్క తోపు తోసెను! బిస్కెట్లు ఎగిరెను, కప్పులు కంపించెను, బొమ్మ జానెడు కుడికి జరిగెను. మబ్బు పోయి గోడమీది స్విచ్చులపై పడెను. తెర ఎడమ అంచున సగము చెవి ఉదయించెను.

"అరె, చక్రం ముందు ఇంకోటి ఉందే! ఏంటది, జీడిపప్పా?"

"చెవండీ. సగమే కనిపిస్తోంది. మా ల్యాబ్‌ది."

"సగమైతేనేం, ముందుంది కదా" అని అధికారిణి వ్రాసికొనెను. "యంత్రం మీ దగ్గరే ఉంటుందన్నమాట."

"మా దగ్గరే ఉంటుందండీ" అనుచు మేడమ్ ప్రొజెక్టరు బల్లను ఇక కదలకుండునట్లు గట్టిగా పట్టుకొనెను.

బావగారు ఫోనును అరచేత మూసి, దగ్గరకు వచ్చి, "మీ అక్కని ఉసిగొల్పింది నువ్వేనా?" అని పళ్ళు నూరెను.

"బిస్కెట్ తీసుకోండి బావగారూ."

జయము! శాస్త్రమునకు జయము! సాంకేతికవిద్య ఛార్జరు కొరకు బల్ల కింద దూరియుండగా, పరిశ్రమ కిటికీ కడ గ్యాస్ లెక్క అప్పజెప్పుచుండగా, అరచెవి తెరనేలెను. తక్కిన అరచెవి ఆకుపచ్చ పరదాపై చీకటిలో నిలిచి, ఫోనులో బావగారు తినుచున్న తిట్లను తృప్తిగా ఆలకించుచుండెను.