వంకర నాణేనికి వెల్వెట్ పెట్టె

తప్పును మించిన సుగుణం లేదు. నమ్మరా? అయితే మీరింకా టంకశాలవారి కొత్త నిబంధనలు చదవలేదన్నమాట!

ఇంతకాలం అక్కడ అచ్చు తప్పిన నాణేలను ఏరి కొలిమిలో పడేసేవారు. ఎంత మొరటు పద్ధతి! బొమ్మ పక్కకు జారినదీ, అంచు ఎలుక కొరికినట్టున్నదీ, రెండు వైపులా బొరుసే ఉన్నదీ, అన్నీ ఒకే మంటలో. నాణేలు సేకరించే పెద్దమనుషుల గుండెలు తరుక్కుపోయాయి. సంతాపసభ పెట్టారు. ఒకాయన మైకు ముందే వెక్కి వెక్కి ఏడ్చాడు. సొంత మేనమామ పోయినప్పుడు ఆయన కన్నయినా చెమర్చలేదని ఆయన భార్యే చెప్పింది.

దాంతో ఈసారి నాణేల బదులు అధికారులు కరిగారు. ఇకమీదట తప్పు నాణెం జాతి సంపద. దానికి వెల్వెట్ పెట్టె, సర్టిఫికెట్, వేలంపాట! మరి సరిగ్గా ఉన్న నాణెం గతేమిటంటారా? బస్సుల్లో, చిల్లర డబ్బాల్లో, చెమట జేబుల్లో అరిగి చావడమే. బుద్ధిగా పుట్టినందుకు ఆ మాత్రం శిక్ష ఉండొద్దూ?

ఒక్కటే ఆటంకం. మా వదిన.

బెల్టు మీద పారే నాణేల్లో తప్పుల్ని ఏరడం ఆవిడ ఉద్యోగం. అన్నయ్య టైలర్ షాపు మూతబడ్డాక ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. ఒక్క వంకర కనబడితే చాలు, మిషన్ ఆపించి అచ్చు సరిచేయించేది. ఇక వేలానికి సరుకేదీ?

సూపర్‌వైజర్ పిలిచాడు. "ఏంటమ్మా, మరీ అంత కళ్లు చించుకుని చూడాలా? చూసీ చూడనట్టు పోవచ్చుగా!"

"చూడ్డానికేగా సార్ జీతమిస్తున్నారు?"

"అదేనమ్మా, ఇక ఇవ్వక్కర్లేదంటున్నారు పైవాళ్లు."

ఎంత ముందుచూపో చూడండి! తప్పుల్ని కాపాడాలంటే ముందు తప్పు పట్టేవాళ్లను తీసెయ్యాలి. ఈ సూత్రాన్ని ఆసుపత్రులకూ, వంతెనలు కట్టేవాళ్లకూ వర్తింపజేస్తే ఎంత బాగుంటుంది! ఏమిటీ, ఎప్పుడో వర్తింపజేశారా? క్షమించాలి, నాకు కాస్త ఆలస్యంగా తెలుస్తుంటాయి.

ఆఖరి రోజు వదినను తీసుకురావడానికి వెళ్లాను. గేటు దగ్గర పూలదండలు, కెమెరాలు, తోపులాట. వేలానికి మొదటి నాణెం బయల్దేరుతోందట. అదే గేటులోంచి వదిన టిఫిన్ క్యారియర్‌తో బయటకొచ్చింది. కెమెరాలన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగాయి.

"కాస్త పక్కకు జరుగమ్మా, నాణెం కనబడట్లేదు!" అని ఎవరో అరిచారు.

వదిన జరిగింది. రోడ్డు దాటాక నా చెయ్యి పట్టుకుంది.

"మీ పత్రికాఫీసులో ఏదైనా పనుంటే అడుగు అమ్మాయీ. తప్పులు పట్టడం వచ్చని మాత్రం చెప్పకేం!"