పళ్ళ డాక్టరుగారి స్టేషన్ వ్యాగన్

ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బండి కడగాలి, తళతళలాడేలా తుడవాలి, నాలుగింటికి కొనేవాళ్ళు రాగానే తాళాలు చేతిలో పెట్టాలి, సాయంత్రానికల్లా ఖాళీ షెడ్డు భార్యకు అప్పగించాలి. ఇందులో బెడిసికొట్టడానికి ఏముందని ఆయన ధీమా. ఆయన ధీమాగా ఉన్నప్పుడల్లా ఇంట్లోవాళ్ళు కాస్త దూరంగా మసలుతారు.

కుట్టు క్లాసు పెట్టుకోవడానికి ఆ షెడ్డు ఇస్తానని భార్యకు మాటిచ్చి ఏడేళ్ళయింది. అందులో తిష్ట వేసుకున్నది తాతల కాలం నాటి స్టేషన్ వ్యాగన్. వెనక సీటు దాటాక కూడా ఒక చిన్న గది ఉన్నంత పొడుగు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది కాబట్టి ఒక్క భాగం దొరకాలన్నా సంబంధం కుదిరినంత కష్టం. తుప్పు పట్టి కూలబడ్డ ఆ బండిని డాక్టరు సాయంత్రాలన్నీ ధారపోసి, ఒక్కో భాగం వెతికి తెచ్చి, నిలబెట్టాడు. "ఈ ఏడు అమ్మేస్తాను" అని ఏటా చెప్పాడు. ఆవిడ ఏటా నమ్మింది. ఈసారి నమ్మడం మానేసి, కుట్టుమిషన్లకు డబ్బు కట్టేసి, "రేపటి నుంచి క్లాసులు" అని గేటుకు బోర్డు తగిలించేసింది.

"సాయంత్రం మిషన్లు వస్తున్నాయి," అంది కాఫీ కప్పు చేతికిస్తూ. "షెడ్డు ఖాళీ లేకపోతే మీ బండిలోకే దింపిస్తాను. ముందు సీట్లో కటింగు, వెనక సీట్లో కుట్టు."

"అంతదాకా రాదులే. ఈవేళ పోతుంది."

"ఏడేళ్ళ నుంచీ పోతూనే ఉందిగా!"

ఆ మాటకు డాక్టరు నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నది మాట అబద్ధమై కాదు, నిజమై. ఈసారి కూడా మాట తప్పితే ఆవిడ ముందు తలెత్తుకోలేడు.

అంతలో ఫోను మోగింది. బండి కొంటానన్న రిటైర్డ్ జడ్జిగారు. ఆయన్ని డాక్టరు ఇంకా చూడలేదు, గొంతు మాత్రమే విన్నాడు. ఆ గొంతు వింటే చేయని నేరం కూడా ఒప్పేసుకోవాలనిపిస్తుంది.

"నాలుగింటికి వస్తున్నాను. బండిలో ఏమేం ఉన్నాయో, ఏమేం లేవో, ఒక్కొక్కటీ నా కళ్ళతో చూసుకుంటాను. దాచడానికి వీల్లేదు."

డాక్టరు ఫోను పెట్టేసి తిన్నగా షెడ్డుకు నడిచాడు. బండిలో ఒకే ఒక్క దొంగ సరుకు ఉంది. వెనక తలుపు అద్దం దించే హ్యాండిల్ ఎంత వెతికినా దొరకక, కట్టుడుపళ్ళు చేసే మనిషి చేత ఆ పళ్ళ చిగుళ్ళకు వాడే పదార్థంతోనే ఒకటి చేయించి బిగించాడు. గట్టిగా, నున్నగా కుదిరింది. రంగు మాత్రం చిగుళ్ళ రంగు. వెనక తలుపు తీస్తే బండి నాలుక చాపి వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది.

బామ్మర్దిని పిలిపించాడు. పక్కవీధిలో ఉండే బామ్మర్ది ఎవరికి ఏ సాయమైనా చేస్తాడు, మొదలుపెట్టాడంటే చివరిదాకా వదలడు. అతనితో వచ్చిన చిక్కే అది.

"ఇంతేనా బావా? ఊరవతల లైబ్రేరియన్ గారని ఒకాయన ఉన్నాడు. రిటైరయ్యాక ఇంటినిండా బండి సామాన్లే పెట్టుకున్నాడు. ఈ మోడల్‌వి ఆయన దగ్గర దొరకనివి లేవట. బండెక్కు."

ఇద్దరూ స్టేషన్ వ్యాగన్‌లోనే బయల్దేరారు.

లైబ్రేరియన్ గారి హాల్లో నేల నుంచి పైకప్పు దాకా అలమారలు. పుస్తకాలుండాల్సిన చోట హెడ్‌లైట్లు, గేర్ రాడ్లు, తలుపు గొళ్ళేలు, ఒక్కోదానికీ అంకె వేసిన చీటీ. ఆయన గొంతు పెంచడు, ఎదుటివాళ్ళనూ పెంచనివ్వడు. అడిగిన హ్యాండిల్ రెండో అలమారలోంచి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి చూపించాడు. డాక్టరు అప్పుడే చెయ్యి చాపేశాడు.

"ఎంతండీ?" అన్నాడు.

"నేను అమ్మను డాక్టరుగారూ. డబ్బిస్తే అలమార ఖాళీ అవుతుంది. వస్తువు పట్టుకెళ్తే వస్తువు పెట్టి వెళ్ళాలి. అదీ ఈ మోడల్‌దే అయ్యుండాలి."

"ఇది పెట్టుకోండి," అని బామ్మర్ది, నమూనాకని విప్పి తెచ్చిన చిగుళ్ళ రంగు హ్యాండిల్ జేబులోంచి తీశాడు. లైబ్రేరియన్ గారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, మర్యాదగా డాక్టరు చేతిలో పెట్టేశాడు.

డాక్టరు బండి దగ్గరికి వెళ్ళి ఆలోచించాడు. వృత్తిలో ఆయనకు ఒక సూత్రం ఉంది. పేషెంటు నవ్వితే కనబడే పన్ను కాపాడాలి, కనబడని దవడ పన్ను పోయినా ప్రాణం మీదికి రాదు. బండికీ అదే వర్తిస్తుందనుకున్నాడు. డ్యాష్‌బోర్డు అడుగున ముడుచుకుని ఉన్న సిగరెట్ల ట్రే పీకి ఇచ్చాడు. హ్యాండిల్ చేతికొచ్చింది.

అక్కడితో ఇంటికి పోతే కథ లేదు. హ్యాండిల్ బిగించడం పూర్తయ్యాక బామ్మర్ది ముందు సీట్లో కూర్చుని నాలుక కరుచుకున్నాడు. "బావా, జడ్జిగారికి సిగరెట్టు అలవాటుంటే? ఎక్కగానే చెయ్యి పెట్టేది ఇక్కడే కదా!"

డాక్టరు వంగి చూశాడు. ముందు పన్ను ఊడినట్టే ఉంది. మళ్ళీ లోపలికి పరిగెత్తారు.

"అయ్యా, ఆ ట్రే మాకు ఇచ్చేయండి. పొరపాటైంది."

"చీటీ అంటించేశానే!" అన్నాడు లైబ్రేరియన్ గారు నిజంగానే బాధపడుతూ. "చీటీ పడిందంటే అది అలమారది. అలమారలోకి వెళ్ళినదాన్ని వెనక్కి అడిగేవాళ్ళు రెండు ఇచ్చి ఒకటి తీసుకోవాలి. లేకపోతే రోజూ ఇలా మనసు మార్చుకుంటూనే ఉంటారు."

"ఇప్పుడే కదండీ ఇచ్చాం!"

"నెమ్మదిగా మాట్లాడండి."

డాక్టరు సూత్రం ప్రకారం లెక్క కట్టాడు. జాకీ వెనక చెక్క కింద ఉంటుంది, ఎవరూ చూడరు. అద్దం తుడిచే మోటరు బానెట్ కింద ఉంటుంది, వాన సూచనలు లేవు. ఆ రెండూ ఇచ్చి ట్రే తెచ్చుకున్నాడు.

"అంతా బానే ఉంది గానీ బావా," అన్నాడు బామ్మర్ది, "ఆయన చూస్తానన్నదే ఒక్కొక్కటీ. వెనక చెక్క ఎత్తడా?"

జాకీ కోసం రేడియేటర్ ఫ్యానూ, సెల్ఫ్ మోటరూ వెళ్ళాయి. జాకీని తెచ్చి చెక్క కింద పెట్టి, చెక్క మూసి, ఇద్దరూ చేతులు దులుపుకున్నారు. అప్పుడు డాక్టరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. బండి ఉలకలేదు, పలకలేదు.

"సెల్ఫ్ మోటరు ఇచ్చేశాం కదా బావా," అన్నాడు బామ్మర్ది.

"ఇవ్వమన్నదెవరు?"

"నువ్వే. దవడ పన్ను అన్నావు."

సెల్ఫ్ మోటరు వెనక్కి తేవడానికి కార్బురేటరూ, డిస్ట్రిబ్యూటరూ పీకి ఇచ్చారు. ఇంజనుకు పెట్రోలు అందించేది ఒకటి, నిప్పు అందించేది రెండోది అని డాక్టరుకు తెలియక కాదు. మనిషి ఒక సూత్రం పట్టుకున్నాక మిగతా చదువంతా దానికి దారి ఇచ్చేస్తుంది. ఇప్పుడు తాళం తిప్పితే సెల్ఫ్ గిర్రుమని తిరుగుతోంది, బండి మాత్రం కదలడం లేదు. పైకి చూస్తే పెళ్ళికొడుకు, బానెట్ ఎత్తితే బోసినోరు.

ఈ గొడవలో ఉండగానే బామ్మర్దికి అక్క ఫోను చేసింది. బజారు నుంచి వచ్చేసరికి షెడ్డు ఖాళీగా కనబడింది ఆవిడకు.

"ఒరేయ్, బండేదిరా?"

"ఊరవతల లైబ్రేరియన్ గారింటి ముందుందక్కా. ఇక ఇక్కణ్ణించి కదలదు. చేతులనిండా గ్రీజు, మళ్ళీ మాట్లాడతా," అని పెట్టేశాడు.

బండిని ఎవరో లైబ్రేరియన్ గారు కొనేశాడని ఆవిడ అర్థం చేసుకుంది. ఆ సంతోషంలో షెడ్డు కడిగించింది, సాయంత్రం దాకా ఆగకుండా మిషన్లు ముందే తెప్పించి దింపించింది, వాటిని నేలకు బోల్టులతో బిగించేయమంది. జడ్జిగారు నాలుగింటికని చెప్పి అంతకు ముందే దిగేసరికి, షెడ్డులో ఆవిడ మొదటి మిషనుకు దారం ఎక్కిస్తోంది.

"బండి పొద్దున్నే అమ్మేశారండీ. ఊరవతల లైబ్రేరియన్ గారికి. అటువైపు ఎవర్నడిగినా ఇల్లు చూపిస్తారు."

జడ్జిగారి మొహం వాడిపోయింది. దారి అడుగుతూ తిన్నగా అక్కడికే వెళ్ళాడు.

లైబ్రేరియన్ గారింటి ముందు ఆయన కారు దిగుతుంటే, డాక్టరు బానెట్ కింద నడుము దాకా ఉన్నాడు. గొంతు విని అక్కడే బిగుసుకుపోయాడు.

"ఈ బండి మీరు కొన్నారట," అంటున్నాడు జడ్జిగారు లైబ్రేరియన్ గారితో. "నాకు అమ్మాలి."

"నేనేదీ అమ్మనండీ. ఒకటి పెట్టి ఒకటి తీసుకెళ్ళాలి."

"నేను వచ్చిన కారుంది. అది పెట్టనా?"

"ఏ మోడలు?"

వ్యవహారం చేయి దాటుతోందని డాక్టరు బయటికొచ్చాడు. చొక్కా అంతా గ్రీజు, ముక్కు మీద కూడా. "బండి నాదేనండీ. నేనే డాక్టర్ని."

జడ్జిగారు ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "ఇంజను స్టార్ట్ చేయండి."

"అవదండీ."

"ఎందుకవదు?"

"కార్బురేటర్ లేదండీ."

"ఊఁ. ఇంకా?"

డాక్టరు నేల చూపులు చూస్తూ ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. "డిస్ట్రిబ్యూటర్ లేదు. రేడియేటర్ ఫ్యాను లేదు. అద్దం తుడిచే మోటరు కూడా లేదు." ఏడేళ్ళు ఒక్కో వస్తువూ ఏరి తెచ్చుకున్నవాడు ఒక్క పూటలో తన చేతులతోనే పీకి ఇచ్చాడు. సాయంత్రం భార్య మొహం ఎలా చూడాలో పాలుపోవడం లేదు. తలెత్తి ఉంటే, ఒక్కో లోటూ వింటూ జడ్జిగారి మొహం ఎలా వికసిస్తోందో కనబడేది.

అది చూడనివాడు ఇంకొకడున్నాడు, లైబ్రేరియన్ గారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "డాక్టరుగారూ, ఇన్నేళ్ళలో నేను ఉత్తినే ఎవరికీ ఏదీ ఇవ్వలేదు. ఈవేళ ఇస్తున్నాను. మీవన్నీ మీరు తీసుకెళ్ళండి."

మాట పూర్తికాకముందే బామ్మర్ది లోపలికి దూకి, ఫ్యాను తెచ్చి బిగించడం మొదలుపెట్టాడు. ఏ పనీ సగంలో వదలని మనిషి, చేతులు యంత్రంలా ఆడుతున్నాయి.

"ఆపండి!" అని అరిచాడు జడ్జిగారు. కోర్టుల్లో ఎన్నో గొడవలు అణిచిన అరుపు అది. బామ్మర్ది చేతిలో స్పానర్ జారిపడింది.

"అన్నీ బిగించేస్తే ఇక నేనేం చేయాలి?" అన్నాడాయన. గొంతు ఉన్నట్టుండి చిన్నదైపోయింది. "నేను రిటైరై ఆరు నెలలైందండీ. ఇంట్లో ఊరికే ఉండలేక అందరి పనులమీదా తీర్పులు చెబుతున్నానట. పోపుల డబ్బాలు సర్దడం మీద మొన్న ఇరవై నిమిషాలు మాట్లాడానట. మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది. ఏదైనా పని తెచ్చుకోండి, అది పదేళ్ళ దాకా తెమలకూడదు అని. ఫోనులో మీరు బండిలో అన్నీ ఉన్నాయంటుంటే నాకు బెంగ. ఏమైనా లేకపోతాయా అని స్వయంగా చూసుకుందామని వచ్చాను."

డాక్టరుకు ముందు చివుక్కుమంది. ఏడేళ్ళ కష్టంలో ఈ మనిషికి నచ్చింది ఖాళీలా! మరుక్షణం షెడ్డు గుర్తొచ్చింది. చివుక్కుమన్నది మాయమైపోయింది.

"ఒరేయ్, ఆ ఫ్యాను తీసెయ్!"

"పొద్దున్నించీ పెట్టు పెట్టు అన్నది నువ్వే కదా బావా!"

"తీసెయ్‌రా! జాకీ కూడా తీసెయ్. సెల్ఫ్ మోటరు పీకెయ్."

"ఆ సిగరెట్ల ట్రే కూడా తీసేస్తే," అన్నాడు జడ్జిగారు మొహమాటంగా, "ఇంకో ఆర్నెల్లు కలిసొస్తాయి."

తీసినవాటికి లైబ్రేరియన్ గారు ఆనందంగా చీటీలు అంటించాడు. "ఇవి ఇంకెక్కడా దొరకవు. నా దగ్గరికే రావాలి. నెలకొకటి చొప్పున మార్చుకోవచ్చు," అన్నాడు.

"రెండు నెలలకొకటి ఇవ్వండి," అని బతిమాలుకున్నాడు జడ్జిగారు.

ధర మాట్లాడుకోవడం టీ చల్లారేలోపు అయిపోయింది. బండిని లారీకి కట్టి లాక్కెళ్ళారు. జడ్జిగారు లోపలే కూర్చుని, పలకని ఇంజనుకు స్టీరింగు తిప్పుకుంటూ వెళ్ళాడు.

డాక్టరు ఇల్లు చేరేసరికి షెడ్డు నిండా మిషన్లు. మధ్యలో భార్య, చేతిలో కత్తెర, మొహంలో ఆయన ఏళ్ళ తరబడి చూడని వెలుగు. ఆయనకు కళ్ళు మసకబారాయి.

"అమ్మేశాను," అన్నాడు.

"తెలుసుగా, పొద్దున్నే," అంది ఆవిడ. "అనుమానించాను, ఏమీ అనుకోకండి. ఆ గ్రీజు కడుక్కుని రండి, భోంచేద్దాం."

జరిగింది చెప్పాలని నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు. పన్ను పీకాక కాసేపు నోరు తెరవకండని పేషెంట్లకు ఏళ్ళుగా ఇస్తున్న సలహా తను పాటించడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున డాక్టరు క్లినిక్కుకు బయల్దేరుతుంటే, షెడ్డు తలుపు తీయకముందే మొదటి విద్యార్థిని గుమ్మంలో నిలబడి ఉంది. పెద్దావిడ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతుల నిండా గ్రీజు.

"జడ్జిగారి భార్యనండీ. నిన్న బండి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కింద పడుకుంటే టార్చి నేనే పట్టుకుంటున్నాను," అంది. "కుట్టు కోర్సు ఎన్నాళ్ళండీ?"

"ఆరు నెలలండీ," అంది డాక్టరు భార్య.

"పదేళ్ళది లేదా?"