సంతోషకుమారి అడిగిన స్వాహిలీ నిఘంటువు

ఆ సోమవారం పొద్దున సంతోషకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీలు ఉడికేలోగా పక్కింటి పిల్లలకి రెండు స్వాహిలీ పుస్తకాలు ఎంచిపెట్టాలి, అంతే. లాక్‌డౌన్‌లో ఐర్లండులో వాళ్ళుండే టాలట్‌లో పుస్తకాల కొట్లన్నీ మూతపడ్డాయి, ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఆపుతున్నారు. కనుక ఏం కొన్నా ఆన్‌లైన్‌లోనే.

పక్కింటి నీమాది టాంజానియా. ఆసుపత్రిలో కోవిడ్ వార్డు నర్సు. కిందటేడు సంతోషకుమారి ఇంటిల్లిపాదీ మంచాన పడితే, రోజూ గుమ్మంలో వేడి సూప్ పెట్టి బెల్లు కొట్టి వెళ్ళిన మనిషి. ఆమె డ్యూటీల గొడవలో పిల్లలిద్దరికీ ఇంగ్లీషు తప్ప మరోటి రాలేదు. మొన్న వీడియో కాల్‌లో వాళ్ళ అమ్మమ్మ, "నా మనవలకీ నాకూ మధ్య మాటే లేకుండా పోయింది," అని ఏడ్చేసిందట.

"మీరు టీచరుగా చేశారు కదా, పిల్లలకి తగిన పుస్తకాలు చూసిపెట్టండి. వచ్చే ఆదివారం ఒక్క పలకరింపైనా మా అమ్మ చెవిన పడాలి," అంది నీమా కంచె అవతలనుంచి. సంతోషకుమారి మాటిచ్చేసింది.

తీరా చూస్తే ఒక నిఘంటువు లావుకే పిల్లలు జడుసుకుంటారు. ఇంకోదాంట్లో మొదటి పేజీనుంచీ వ్యాకరణమే. చివరికి ఇంగ్లీషు మాట, దాని బొమ్మ, పక్కనే స్వాహిలీ మాట ఉన్న నిఘంటువొకటి, దానికి జతగా ఒక వాచకం నచ్చాయి. కొనేముందు నలుగురినీ అడిగితే పోయేదేముంది అనుకుంది. అక్కడే కొంప మునిగింది. 'టాలట్ తెలుగు అమ్మలు' వాట్సాప్ గ్రూపులో, "చిన్నపిల్లలకి స్వాహిలీ మొదలెట్టడానికి ఇవి బావుంటాయా?" అని పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

ఇడ్లీలు దించేసరికి గ్రూపులోని అపర్ణ ఫోను.

"ఏంది అక్కా, ఆశ్రితకు స్వాహిలీ నేర్పిస్తున్నవా? మాకొక్క మాట చెప్పొద్దా?"

"మా అమ్మాయికి కాదు తల్లీ, పక్కింటి పిల్లలకి!"

"అర్థమైందిలే. పక్కింటి పిల్లలకే." అపర్ణ గొంతు చల్లబడింది. "కోడింగ్ క్లాసప్పుడు గూడ గిట్లనే దాచినవ్."

మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. ఎదుటివాళ్ళ పిల్ల ఏదో నేర్చుకుంటోందంటే నిద్ర పట్టదు, చెప్పకుండా నేర్చుకుంటోందంటే అన్నం సహించదు. మధ్యాహ్నానికల్లా స్వాహిలీ వస్తే మెడిసిన్ సీట్లకి అదనపు మార్కులున్నాయని గ్రూపులో తేలిపోయింది. తేల్చిందెవరో ఎవరికీ తెలీదు. "అయ్యో, అలాంటిదేం లేదండీ, నన్ను నమ్మండి," అని సంతోషకుమారి మొత్తుకుంది. "ఇంత గట్టిగా కాదంటున్నారంటే ఉన్నట్టే," అని ఉమ తీర్పిచ్చింది. కబురు పక్కపేట క్లాండాల్కిన్ అమ్మలకి పాకింది, అక్కణ్ణుంచి లెపర్డ్స్‌టౌన్ ఆఫీసుల్లో పనిచేసే నాన్నలకీ పాకింది.

సాయంత్రం కొందామని సంతోషకుమారి ఆన్‌లైన్ కొట్టు తెరిచింది. నిఘంటువు అయిపోయింది! వాచకం అయిపోయింది! ఆ లావుపాటిదీ, ఆ వ్యాకరణందీ కూడా అయిపోయాయి! మళ్ళీ వచ్చేది వచ్చే నెలేనట.

"ఓరి దేవుడో! ఐర్లండులో స్వాహిలీకి కరువేమిటి!"

"యూ స్టార్టెడ్ ఇట్, మామ్," అంది ఆశ్రిత తలెత్తకుండా.

భర్త అనంతరామ్‌తో మొరపెట్టుకుంది. మేడమీద గదిలో పొద్దస్తమానం హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆఫీసు పని చేసే ఆ మహానుభావుడు, "ఊఁ," అన్నాడు. ఏం చెప్పినా అంతే.

గురువారానికి ఇంటింటికీ పార్సిళ్ళు చేరాయి. సిగ్గు విడిచి అపర్ణనే అడిగింది. "ఒక్క వారం అరువివ్వమ్మా. ఆ పిల్లల అమ్మమ్మ ఎదురుచూస్తోంది."

"మా రేవంత్ రెండో పాఠంల ఉన్నడక్కా. నడుమల ఆపితే ఎట్ల?"

ఉమ అయితే, "దిష్టి తగులుతుందని బయటికి తియ్యట్లేదండీ," అంది.

శనివారం సంతోషకుమారికి ఏడుపొక్కటే తక్కువ. కష్టంలో గుమ్మం ముందు నిలబడ్డ మనిషి అడక్క అడక్క ఒక్కటి అడిగితే, అదీ తన నోటి దురద వల్లే పాడైంది. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? చెప్పులేసుకుని తలుపు తీసేసరికి ఎదురుగా పార్సిలు. పైన అనంతరామ్ పేరు. చింపి చూస్తే లోపల బొమ్మల నిఘంటువు, వాచకం!

పైన చొక్కా, కింద లుంగీతో అనంతరామ్ మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. "ష్, గట్టిగా అనకు! మా ఆఫీసు గ్రూపులో చెప్పారు. టాలట్‌లో ఎవరో మహాతల్లి కూతురికి గుట్టుచప్పుడు కాకుండా స్వాహిలీ నేర్పిస్తోందట. మనమ్మాయి వెనకబడిపోదూ? సోమవారమే కొనేశా. ఆఖరి కాపీలు, తెలుసా!"

సంతోషకుమారి పుస్తకాలు అతని మొహం ముందు ఆడించింది.

"ఆ మహాతల్లిని నేనేనండీ!"

జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, పుస్తకాలు రెండూ గుండెకి హత్తుకుని కంచె దగ్గరికి పరుగెత్తింది.

ఆదివారం పక్కింటి పెరట్లో పిల్లలిద్దరూ ఫోనుకేసి, "షికామో, బీబీ!" అని అరిచారు. అమ్మమ్మకి దణ్ణం పెట్టినట్టన్నమాట. ఆ పెద్దావిడ నవ్విందో ఏడ్చిందో తెలీలేదు, నీమా మాత్రం మాస్కు తడిసేలా ఏడ్చింది. కంచె ఇవతల సంతోషకుమారి కొంగుతో కళ్ళొత్తుకుంది.

పక్కనే నిలబడి అంతా విన్న అనంతరామ్ గొంతు తగ్గించి అడిగాడు.

"అది సరేగానీ, ఇప్పుడు వాళ్ళ పిల్లలు మనమ్మాయి కంటే ముందున్నట్టేగా?"