తొల్సూరు కాన్పు, లెక్చరర్ పోస్టు

చదువు విషయంలో రాజీ లేదని కాలేజీ కమిటీ చైర్మన్ రామ్‌కిషన్ గారు జీపుకు మైకు కట్టించి, జహీరాబాద్ గంజ్ నుంచి రైల్వేస్టేషన్ దాకా మూడుసార్లు చాటించారు. అది 1979 జూన్. కొత్త జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడానికి ఒక లెక్చరర్ కావాలి. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు ఉండాలి. సిఫారసు తెచ్చినవారి దరఖాస్తు అక్కడికక్కడే చింపేస్తారు. ఏడో తరగతితో తన చదువు ఆపుకుని మిగిలినదంతా ప్రజలకు వదిలేసిన మనిషి కనుక, ఆ మాట అనే అధికారం చైర్మన్ గారికే ఉందని ఊరు ఒప్పుకుంది.

జీపు తమ కిరాణా దుకాణం ముందు ఆగి అరిచేసరికి శరణమ్మ కందిపప్పు చెరిగే చాట కింద పెట్టేసింది. ఊళ్లో ఆ చదువున్నది ఒక్కరే, ఆమె పెద్దబిడ్డ నీలాంబిక. ఇంకో తల్లయితే పొంగిపోయేది. శరణమ్మ కన్నడ బడిలో నాలుగు దాకా చదివింది. అన్నీ కుదిరాయంటే ఏదో ముంచుకొస్తుందనేది మాత్రం ఆమె బడిలో నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. ఈ పోస్టు రాకపోతే బిడ్డ ఆదిలాబాద్ పోతుంది. అక్కడి కాలేజీ నుంచి ఉద్యోగం ఇస్తామని ఉత్తరం కూడా వచ్చింది. ఆదిలాబాద్ ఎటువైపో శరణమ్మకు తెలియదు, అక్కడ పులులున్నాయని మాత్రం తెలుసు.

"పులులు కాలేజీకి రావవ్వా" అంది నీలాంబిక.

"రాత్రి హాస్టలుకు వస్తే?"

కమిటీకి రెండు దరఖాస్తులు అందాయి. ఒకటి నీలాంబికది. రెండోది హుమ్నాబాద్ నుంచి వచ్చిన జగన్‌మోహన్‌ది. అతను బి.ఏ. థర్డు క్లాసు, కన్నడ మీడియం. చైర్మన్ గారి చెల్లెలి కొడుకు కావడం కేవలం కాకతాళీయం. సెక్రటరీ జగ్గయ్య రెండూ చదివి వినిపించాడు.

"ఫస్టు క్లాసంటే ఆ మార్కులు ఎవలికొచ్చినయి జగ్గయ్యా?" అని అడిగారు చైర్మన్ గారు.

"ఆ పిల్లకే సాబ్."

"కాలేజీ పోరగాండ్లకు పంచిపెడ్తదా?"

"పంచిపెట్టదు సాబ్."

"మరి మనకేం ఫాయిదా?"

ఇంత లోతైన ప్రశ్న అప్పటిదాకా ఏ యూనివర్సిటీ వారికీ తట్టలేదు. మార్కుల అర్హత ఆ క్షణమే రద్దయింది. లెక్చరర్‌కు ముఖ్యం గొంతు, అది చివరి బెంచీకి వినపడాలి అని తీర్మానం రాశారు. పరీక్ష గంజ్‌లో, బెల్లం వేలంపాట మధ్యన.

శరణమ్మ ఆ పొద్దున బిడ్డకు మిరియాల కషాయం తాగించింది. తాగించాక, మిరియాలు ఎక్కువై గొంతు పూర్తిగా పోతుందేమోనని మజ్జిగ తాగించింది. మజ్జిగతో జలుబు చేస్తుందేమోనని దారి పొడుగునా బిడ్డ ముక్కు చూస్తూ నడిచింది.

నీలాంబిక నిలబడి, వేరు, కాండం, పత్రం అని మొదలుపెట్టగానే వేలంపాట ఆగిపోయింది. ఒక దళారి వెనక్కి తిరిగి, "పత్రం మణుగుకెంతమ్మా?" అని అడిగాడు. తర్వాత జగన్‌మోహన్ మాట్లాడాడు. పక్కన నిలబడ్డ హమాలీ, అతను మంచినీళ్లు అడుగుతున్నాడనుకుని చెంబు తెచ్చిచ్చాడు.

కమిటీ అప్పటికప్పుడు బెల్లం బుట్టల పక్కనే కూచుంది. పెద్దగా మాట్లాడితే పిల్లలు నిద్రపోతారు, మెల్లగా మాట్లాడితే చెవి పెట్టి వింటారు అని చైర్మన్ గారు కనిపెట్టారు. గొంతు కూడా రద్దయింది.

చివరికి ఇంటర్వ్యూ రోజు అసలు అర్హత బయటికొచ్చింది. లెక్చరర్ ఈ గడ్డ మీద పుట్టి ఉండాలి. మట్టి తెలియనివారు మొక్కల గురించి ఏం చెబుతారు? బయట వరండాలో కూచుని శివ శివా అనుకుంటున్న శరణమ్మను సాక్ష్యానికి లోపలికి పిలిచారు.

"శరణమ్మక్కా, బిడ్డ ఏడ పుట్టింది?"

"తొల్సూరు కాన్పు గదా సాబ్, మా తల్లిగారింట్ల, హుమ్నాబాద్‌ల పుట్టింది. అయిదో నెలల ఎత్తుకొచ్చుకున్న. ఇగ అప్పట్నుంచి గీ ఊరే."

"హుమ్నాబాద్ అంటే కర్ణాటక."

"అప్పుడు జహీరాబాద్ గూడ బీదర్ జిల్లానే గద సాబ్. నా కాన్పు అయినంక గీత గీసిన్రు."

"గీత ఎప్పుడు గీసినా గీతనే అక్కా. జగ్గయ్యా, మన జగన్‌మోహన్ ఏడ పుట్టిండు?"

"మీ ఇంట్లనే సాబ్. మీ చెల్లె తొల్సూరు కాన్పుకు వచ్చింది గద. అయిదో నెలల హుమ్నాబాద్ తోల్కపోయిన్రు. మళ్ల మొన్న దరఖాస్తు ఇయ్యనీకే వచ్చిండు."

"గదీ మట్టి సంబంధమంటే" అన్నారు చైర్మన్ గారు, కళ్లు తుడుచుకుంటూ.

స్థానికుడైన జగన్‌మోహన్ మెడలో దండ వేసి ఊరేగించారు. దారిలో అతను కాలేజీ ఎటువైపని రెండుసార్లు కన్నడంలో అడిగాడు. శరణమ్మ గడపలో నిలబడి చూసింది.

"ఆ యేడు మా అన్నదమ్ములతోని కొట్లాడైనా పుట్టింటికి పోకుండ ఉంటే అయిపోయేది. నీ నోటికాడి కూడు నేనే పోగొట్టిన బిడ్డా."

"నొప్పులొచ్చినప్పుడే పోస్టు సంగతి ఆలోచించాల్సిందవ్వా" అంది నీలాంబిక. నవ్వి, ట్రంకుపెట్టె దించి బట్టలు సర్దుకుంది.

పదిహేను రోజులకు ఆదిలాబాద్ ప్రయాణం కుదిరింది. శరణమ్మ జొన్నరొట్టెలు కట్టింది, పులి ఎదురైతే కొట్టడానికి పెట్టెలో కారం పొట్లం కూడా పెట్టింది. బస్టాండుకు బయలుదేరుతుండగా ఇంటి ముందు అదే జీపు ఆగింది. ఈసారి మైకు లేదు. చైర్మన్ గారు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు.

"అక్కా, బిడ్డను పంపకు. మా పిల్ల మన కాలేజీలనే బైపీసీల చేరింది, డాక్టర్ కావాల్నంటది. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి బాటనీ చెప్తే చాలు. ఎంతడిగితే అంత ఇస్త. జర సముదాయించు."

శరణమ్మకు సంతోషం వచ్చేలోపే భయం వచ్చింది. ఇప్పుడే అడిగేస్తే మంచిదనుకుంది.

"మరి సాబ్, బిడ్డ పుట్టుడు హుమ్నాబాద్‌ల..."

"ఏడ పుడితే ఏందక్కా" అన్నారు చైర్మన్ గారు. "ఇది కాలేజీ కాదు గద. నా బిడ్డకు చదువు రావాలె."