శాలువా శాస్త్రంలో పట్టభద్రులు

విశ్వవిద్యాలయానికి పాఠాలు చెప్పేవాళ్లు కావాలని ఎవరన్నారండీ? పాతకాలపు మాట! విశ్వవిద్యాలయానికి కావలసినవి శాలువాలు. అవి దండిగా ఉంటే చాలు, చదువు దానంతట అదే వస్తుంది.

నవ్వకండి. ఈ విషయం మీద నేను స్వయంగా ఫీల్డ్ వర్క్ చేసి వచ్చాను. కర్నూలు నుంచి డోన్ వెళ్లే దారిలో, ఎర్ర గుట్ట పక్కన తెల్లటి ఆర్చి పెట్టుకుని ఒక చిన్న ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. పేరు చెప్పను. చెబితే సంతోషం పట్టలేక నాకు డాక్టరేట్ ఇచ్చేస్తారు. మా ఇంట్లో ఉన్న మెమెంటోలకే చోటు లేదు.

ఆ సంస్థ చైర్మన్ ఓబుళేశు గారు ఒకప్పుడు నాపరాళ్ల వ్యాపారం చేసేవారు. రాళ్లకే పాలిష్ పెట్టినవారికి పిల్లలొక లెక్కా అని ఎవరో అన్నారట. అంతే, యూనివర్సిటీ లేచింది! ఇక కోర్సుల పేర్లు చూడాలి మీరు. బీకామ్ విత్ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్. బీబీఏ విత్ యోగా. బీఏ థియేటర్ ఆర్ట్స్ విత్ డేటా అనలిటిక్స్. నాటకానికీ డేటాకూ సంబంధం ఏమిటంటారా? అక్కడ రెండింటికీ టీచరు లేడు. అంతకన్నా దగ్గరి చుట్టరికం ఇంకేం కావాలి?

అలాంటి చోటికి నన్ను ఎగ్జామినర్‌గా పిలిచారు. నాటకం గురించి నాకేమీ తెలియదని నిజాయితీగానే చెప్పాను. "అట్లయితే ఇంకా మంచిది సార్, గొడవుండదు" అని రిజిస్ట్రారు భూపేష్ గారు ఫోన్లో ధైర్యం చెప్పారు. థియేటర్ కోర్సు చివరి సంవత్సరం చదివే సుజన అనే అమ్మాయి తను రాసిన నాటకాన్ని వార్షిక కళోత్సవంలో ఆడుతుంది. నేను చూసి మార్కులు వేయాలి. జనం ముందు నాటకం పడితేనే ఆ పిల్లకు డిగ్రీ. పడకపోతే ఇంకో ఏడాది అక్కడే.

సుజనది కౌతాళం వైపు పల్లె. వాళ్లమ్మ ఉరుకుందమ్మ ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు వలస పోతుంది. పిల్ల రాసిన నాటకమూ ఆ కథే. ఊరంతా గుంటూరు పోయాక, బడిలో ఒక సారు ఒంటరిగా కూర్చుని ఖాళీ బల్లలకు హాజరు పిలుస్తాడు. ఇదే ఎందుకు రాశావమ్మా అని అడిగాను.

"మా ఊర్లో సారు ఉంటాడు, పిల్లోల్లు ఉండరు సార్. ఈడ పిల్లోల్లం ఉండాము, సారు ల్యాడు" అంది.

కాఫీ తాగి సర్దుకున్నాను. ఎగ్జామినర్లు ఎమోషనల్ కాకూడదు కదా!

థియేటర్ ల్యాబ్ కూడా చూపించారు. అమ్ముడుపోని నాపరాళ్లన్నీ అందులోనే పేర్చి ఉన్నాయి. పక్కనున్న మేకప్ రూములో శాలువాల స్టాకు. సుజన, ఆమె తోటి పిల్లలు మూడేళ్లు ఆ రాళ్ల మధ్యే ఫోన్లో వీడియోలు చూసుకుంటూ, ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటూ నాటకం నేర్చుకున్నారు.

మరి వీళ్లకు యూనివర్సిటీ ఏమీ నేర్పలేదా? అలా అంటే కళ్లు పోతాయి! కళోత్సవం రోజు నేనే చూశాను. పొద్దున పదింటికి మొదలవ్వాల్సిన సభ, బద్వేలు నుంచి రావలసిన ముఖ్య అతిథి గారి కోసం ఒంటిగంట దాకా ఆగింది. అంతసేపూ థియేటర్ విద్యార్థులు ఏప్రిల్ ఎండలో గేటు దగ్గర పూల పళ్లేలు పట్టుకుని, పట్టుచీరల్లో, నవ్వుతూ నిలబడ్డారు. అరికాళ్లు కాలుతుంటే పెదాలతో నవ్వడం! ఏ నాటక బడిలో నేర్పుతారండీ ఈ అభినయం?

తర్వాత జ్యోతి ప్రజ్వలన. వేదిక మీద ఉన్నవాళ్లందరికీ ఒకే కొవ్వొత్తి. ఒకరు వెలిగిస్తారు, పక్కవాళ్ల చెయ్యి తగిలి ఆరిపోతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. ఆరిన ప్రతిసారీ అగ్గిపుల్ల అందించాల్సింది సుజనే. ఫ్యాన్లు ఆపేశారు. చెమటతో మేకప్ కారుతున్నా పిల్ల నవ్వు చెదరలేదు. నేను మనసులోనే పది మార్కులు వేసేశాను.

ఆ పైన సన్మానాలు. ముఖ్య అతిథికి సన్మానం, ముఖ్య అతిథిని పరిచయం చేసినవారికి సన్మానం, ఆయన్ని బద్వేలు నుంచి తీసుకొచ్చిన కారు ఓనరుకు సన్మానం. నలభై రెండు డిగ్రీల వేడిలో నాకూ ఒక మందపాటి శాలువా కప్పారు. తర్వాత క్రేనుతో గజమాల దించారు. ముఖ్య అతిథి గారు అందులో పూర్తిగా మునిగిపోయారు, పాదాలు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా ఎవరూ కంగారు పడలేదు. మాలకే నమస్కారాలు పెట్టారు, మాల పక్కనే నిలబడి కెమెరా వైపు చూశారు, చప్పట్లు కొట్టారు. సన్మానంలో మనిషిని ఎవరు చూస్తారు? చూడవలసింది కెమెరాని!

భోజనాల వేళ ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చింది. వేళ్లు మిరప ఘాటుకు ఎర్రబడి, చర్మం ఊడి ఉన్నాయి. పని వదులుకుని గుంటూరు నుంచి బస్సులు మారి వచ్చిన ఉరుకుందమ్మ.

"నాటకం బాగుండాది సామీ" అంది. "అందురూ ఒగరికొగరు సెద్దర్లు కప్పుకుంటాండారు. ఆ మాలలో పెద్దాయప్ప కనపడకుండా పోయేది శానా నగు వచ్చె. ఒక్క మా పాపకే మాటల్యావు. పళ్లెం పట్టుకోని నిలబడేదేనా దాని యేసం?"

ఆమె తన జీవితంలో చూస్తున్న మొదటి నాటకం అదే అనుకుంటోంది! ఇది నాటకం కాదమ్మా, మీ అమ్మాయి నాటకం ఇంకా మొదలే కాలేదని చెప్పాను. ఆమె పక్కనే పళ్లెంతో నిలబడిన సుజన, తల్లి మాటలు విని మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి ఏదో ఆలోచనలో పడింది.

అన్నట్టు, మీకొక రహస్యం చెప్పాలి. మన ప్రైవేటు విద్యాసంస్థల్లో కాలాన్ని నడిపించేది గడియారం కాదు, కాలేజీ బస్సు. ఐదింటికి బస్సులు కదులుతాయి. దేవుడు దిగివచ్చినా ఆగవు. ముఖ్య అతిథి గారి ప్రసంగం ముగిసేసరికి ఐదుకు పది నిమిషాలుంది. నలభై నిమిషాల నాటకం. బయట డ్రైవర్లు అప్పుడే హారన్లు మొదలుపెట్టారు.

భూపేష్ గారు మైకు తీసుకున్నారు. "టైము ల్యాదమ్మా. నీ నాటకం ఐదు నిమిషాల్లో తేల్చెయ్" అన్నారు. ఐదు నిమిషాల్లో ఊరు గుంటూరు పోవాలి, బడి ఖాళీ కావాలి, సారు ఏడవాలి. ముందు వరుసలో చాలామంది అప్పటికే లేచి నిలబడ్డారు. మూడేళ్ల కష్టం అంత తేలిగ్గా ఊడ్చిపారేస్తుంటే నాకు ఒళ్లు మండింది. మండినా ఏం చేయగలను? శాలువా కప్పించుకున్నవాడికి నోరు లేస్తుందా!

సుజన మైకు అందుకుంది. "నాటకం వద్దు సార్. మా గురువుగారికి చిన్న సన్మానం చేసుకుంటాం, చాలు" అంది.

సన్మానం! ఆ మాట వినగానే లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. చైర్మన్ గారి ముఖం వెలిగిపోయింది. పిల్లలు వేదిక మధ్యలో ఒక కుర్చీ వేసి, దాని చుట్టూ గుమిగూడారు. సుజన గురువుగారి గుణగణాలు చదవడం మొదలుపెట్టింది.

"మూడేండ్లలో మా గురువుగారు ఒక్క రోజు కూడా క్లాసుకు లేటుగా రాలేదు. మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. సెలవు అడగలేదు, జీతం పెంచమనలేదు. మాకు ఏమి వచ్చినా, ఏమి రాకపోయినా, అంతా ఆయన చలవే."

హాలంతా చప్పట్లు. చైర్మన్ గారు శాలువా విప్పి కుర్చీకి కప్పారు. ముఖ్య అతిథి గారు మెమెంటో పెట్టారు. అందరూ కుర్చీ వెనక చేరి కెమెరా వైపు నవ్వారు. నేనూ నవ్వాను, నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూ కొడుతూ ఒకసారి కిందికి చూశాను. కుర్చీలో ఎవరూ లేరు.

అంత పెద్ద హాల్లో, చిట్టచివరి వరుసలో, ఒకే ఒక్క మనిషి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఉరుకుందమ్మ! కూతురికి ఈసారి మాటలున్నాయి. ఆమె ఈసారి నిజంగానే నాటకం చూసింది.

బస్సులు కదిలాయి. భూపేష్ గారు నా దగ్గరకు వచ్చి, నాటకం పడలేదు కాబట్టి ఫెయిల్ వేయమన్నారు. పడిందండీ, మీరందరూ నటించారు కూడా, కావాలంటే ఫోటోలు చూసుకోండి అన్నాను. నూటికి నూరు వేసి ఆయన చేతిలోనే పెట్టాను. ఫోటో మాట ఎత్తేసరికి, అందులో తాను బాగా వచ్చారో లేదోనన్న ధ్యాసలో ఆయన కాదనడమే మరిచిపోయారు.

ఈ మాట సుజనకు చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆ పిల్ల కుర్చీ మీది శాలువా మడత పెడుతూ, "మార్కులు మీరు ఇస్తిరి సార్. నేర్పించేటోల్లని ఎవురిస్తారు? రేపు యాడికన్నా పోయి, నాకు నాటకం వచ్చునని ఏ మొగం పెట్టుకోని చెప్పల్ల?" అంది.

వారం తర్వాత భూపేష్ గారు ఫోన్ చేశారు.

"సార్, మొన్న మా పిల్లోల్లు సన్మానం చేసిరే, ఆ గురువుగారు ఎవురు సార్? మా చైర్మన్ గారికి శానా నచ్చినాడు. పాపం, మైకు కూడా అడగల్యా. వచ్చే ఏడు ఆయప్పనే చీఫ్ గెస్టుగా పిలుద్దామంటాండారు."

ఇదే అదను అనుకుని నేను చాలా సీరియస్‌గా చెప్పాను. చీఫ్ గెస్టు సంగతి తర్వాత, ముందు ఆయనకు మీ థియేటర్ శాఖలో ఉద్యోగం ఇవ్వండి, కుర్చీ ఎటూ వేసే ఉందిగా అన్నాను.

"జీతం యెంత అడుగుతాడు సార్?"

ఇప్పటిదాకా పైసా అడగలేదన్నాను.

అటువైపు సంతోషంతో కూడిన నిట్టూర్పు వినిపించింది. "అట్లయితే ఇంకో మూడేండ్లు ఆయప్పనే ఉండమందాం సార్!"

అడ్మిషన్లు మొదలయ్యాయి. మీ అబ్బాయినో అమ్మాయినో తీసుకుని ఆ తెల్లటి ఆర్చి లోపలికి తప్పకుండా వెళ్లండి. కోర్సుల పేర్లు చదవండి, కళోత్సవం ఫోటోలు చూడండి, వాళ్లు ఇచ్చే కూల్ డ్రింకు తాగండి. ఫీజు కట్టే ముందు మాత్రం, పాఠం చెప్పేవారి కుర్చీ ఎక్కడుందో అడిగి, ఒకసారి శాలువా ఎత్తి చూడండి.