రికార్డు రూములో ఒక్క నిమిషం

…అసలు పూర్తి నిశ్శబ్దమనేది ఎక్కడా ఉండదు, అనుకున్నాడు రికార్డిస్టు పళ్లు తోముకుంటూ. ఉన్నవల్లా గదులు. ఒక్కో గదికి ఒక్కో నిశ్శబ్దం. బాత్రూము నిశ్శబ్దంలో కొళాయి అంచున పడబోతున్న చుక్క ఉంటుంది. వంటింటి నిశ్శబ్దంలో, ఈ మధ్య, భార్య అడగబోతున్న ప్రశ్న ఉంటోంది.

ఆ ప్రశ్న ఈ పూట కాఫీతో పాటే వచ్చేసింది.

"ఏమండీ, ఇరవై రెండేళ్లుగా మీ రేడియో వింటున్నాను. ప్రతి ప్రోగ్రాం చివరా ఎవరెవరి పేర్లో చదువుతారు. మీ పేరు ఒక్కసారీ వినలేదు. పొద్దున్నే ఆ డబ్బా తగిలించుకుని మీరు వెళ్లేది రేడియోకేనా?"

అతను నవ్వి కాఫీ గ్లాసు అందుకున్నాడు. నిజం చెబితే మరింత నామోషీ. అతను పనిచేసే 'లోకంతో మాటామంతీ' అనే వారపు కార్యక్రమంలో యుద్ధాలూ, సంధులూ, మానవ హక్కులూ అన్నీ ఇరవై ఎనిమిది నిమిషాల్లో ఇమడాలి. సెకను ఎక్కువైనా పై గదిలో ప్రసారం చేసేవాళ్లు ఒప్పుకోరు. వ్యాఖ్యాతేమో ధన్యవాదాలు చెప్పడం మొదలుపెడితే ఆపలేడు. ఎక్కడో ఒకచోట నాలుగు సెకన్లు కోయాలి. చిట్టచివర "శబ్దగ్రహణం, కూర్పు" అంటూ ఇతని పేరు వచ్చే వాక్యం సరిగ్గా నాలుగు సెకన్లు. కత్తిరించేది అతనే. ఆ వాక్యం పోయిందని ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, అతనితో సహా.

ఆ రోజు అతని పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లడం, రికార్డు రూములో ఒక్క నిమిషం నిశ్శబ్దం రికార్డు చేసుకోవడం, మధ్యాహ్నం మూడులోగా కార్యక్రమం పూర్తిచేసి సాయంత్రం ప్రసారానికి పై గదికి అందించడం.

నిశ్శబ్దం రికార్డు చెయ్యడమేమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. మనిషి మాటల్లో దగ్గు వస్తే కోసేస్తాం. కోసినచోట ఏమీ లేకుండా వదిలితే, వినేవాడు తన రేడియో పాడైందనుకుని దాని నెత్తిన ఒకటి వేస్తాడు. అందుకని అదే గదిలో, అంతే మంది ఊపిరి పీలుస్తూ కూర్చుంటే ఉండే నిశ్శబ్దాన్ని ఒక నిమిషం పట్టి ఉంచుకుని, ఆ ఖాళీల్లో నింపుతాం. ప్రతి సంభాషణ అయ్యాక రికార్డిస్టు చెయ్యెత్తి ఒక వేలు చూపిస్తాడు. అందరూ బిగబట్టుకుని కూర్చుంటారు. ఇరవై రెండేళ్లలో అతను ఆ పని మర్చిపోయింది ఒక్కసారే, అది నిన్న.

నిన్న వచ్చినామె రిటైరైన ప్రొఫెసరు. యుద్ధాలు జరిగిన చోట్ల మానవ హక్కుల విచారణ బృందాలతో తిరిగిన మనిషి. తొమ్మిదేళ్లుగా ఏ రేడియోకీ మాట్లాడనని భీష్మించుకుని, చివరికి ఒప్పుకుంది. స్టూడియోలో ఏసీ కారుతోందని రెండో అంతస్తు రికార్డు రూములో, పాత టేపుల అరల మధ్య కూర్చోబెట్టారు. చివర్లో ఆమె ఒక సరిహద్దు శిబిరం గురించి చెప్పింది. ఒక తల్లిని నీ కొడుకులెక్కడున్నారని అడిగిందట. ఆ తల్లి ఏమీ మాట్లాడలేదట. ఫారంలో అవును, కాదు, తెలియదు అని మూడే గళ్లున్నాయి. మాట్లాడలేదనడానికి గడి లేదు. "నేను తెలియదు మీద టిక్కు పెట్టాను. ఆవిడకి తెలుసు బాబూ" అంది ప్రొఫెసరు. అతను వేలెత్తడం మర్చిపోయి, మిషను ఆపేసి, గోడవైపు తిరిగాడు.

వెళ్తూ వెళ్తూ ఆమె, తన దగ్గులన్నీ తీసెయ్యమనీ, ఆ తల్లి కథలో తన గొంతు అడ్డం రాకూడదనీ అడిగింది. తప్పకుండా అని మాటిచ్చాడు. ఇంటికెళ్లి లెక్కపెడితే పదకొండు దగ్గులు. మూడు గంటలకు టేపు అందకపోతే ఆ స్థానంలో పాత పాటలు వేసేస్తారు. ఆమె మళ్లీ తొమ్మిదేళ్లు మాట్లాడదు.

పదింటికల్లా రికార్డు రూముకి చేరాడు. నిన్న ప్రొఫెసరు, వ్యాఖ్యాత, తను; ఇవాళా ముగ్గురుండాలి. గదిని ఏలుతున్న గుమాస్తా అక్కయ్యనీ, పక్క సీటు టైపిస్టునీ కుర్చీల్లో కూర్చోబెట్టాడు. కిర్రుమనే ఫ్యాను కట్టేశాడు.

"అక్కయ్యా, ఏం జరిగినా సరే, నేను చెప్పేదాకా నోరు మెదపొద్దు."

"ఏం జరిగినానా?"

"ఏం జరిగినా."

అక్కయ్య నోరు మూతపడటం ఆ భవనంలో ఎవరూ చూసి ఎరగరు. ఇరవయ్యో సెకను దగ్గర క్యాంటీను ఆసామి తలుపు తోసుకుని టీ అన్నాడు. అక్కయ్య పలకలేదు. మళ్లీ అన్నాడు. ఆమె నేల చూపులు చూస్తూ ఉండిపోయింది. క్యాంటీను ఆసామి ఆగిన ఫ్యానును చూశాడు, చెమటలు కక్కుతున్న టైపిస్టును చూశాడు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక వేలెత్తి నిలబడ్డ రికార్డిస్టును చూశాడు. ఏదో అర్థమైనట్టు తలాడించి, తలుపు మెల్లిగా దగ్గరకి వేసి వెళ్లిపోయాడు.

అకౌంట్సు సెక్షనుకి చేరేసరికి వార్త తయారైంది. రికార్డు రూముకి ఫ్యాను పీకేశారు, వాళ్లు మౌన నిరసనకి కూర్చున్నారు, అక్కయ్య కూడా మాట్లాడటం మానేసింది. చివరి ముక్క విన్నాక ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఫ్యాను మాట వినగానే ఒకాయనకి తన సీటు వెనక పగిలిన కిటికీ గుర్తొచ్చింది. మరొకాయనకి ఏడాదిగా నిలబడిపోయిన లిఫ్టు గుర్తొచ్చింది. సెక్షనులో ఉన్న అయిదుగురూ ఎవరి కుర్చీ వాళ్లు ఎత్తుకుని రెండో అంతస్తుకి బయల్దేరారు.

రికార్డిస్టు రెండోసారి మొదలుపెట్టి ముప్పై ఒకటో సెకనులో ఉండగా అయిదు కుర్చీలు నేలమీద గీసుకుంటూ లోపలికొచ్చాయి. అతనికి పళ్లు జివ్వుమన్నాయి. ఇలా కాదు అని చెప్పాలి. కానీ వాళ్లు అంత గంభీరంగా, అంత నిశ్శబ్దంగా కూర్చుండిపోయారే. ఇంత మంచి నిశ్శబ్దాన్ని చెడగొట్టడానికి తనే నోరు తెరవడమా? అతనిలో ఒకడు చెప్పు అన్నాడు. ఇంకొకడు ముందు రికార్డు చేసుకో అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ రెండోవాడిదే పైచెయ్యి. వేలెత్తాడు.

కూర్చున్నవాళ్లంతా వేళ్లెత్తారు.

పన్నెండున్నరకి ఆ గదిలో పాతికమంది వేళ్లెత్తి కూర్చున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు, కానీ ప్రతి రెండు నిమిషాలకీ ఒకరు తలుపు తీస్తున్నారు. ఏడు ప్రయత్నాలు పాడయ్యాయి. ఎనిమిదోది వ్యాఖ్యాత చేతిలో పోయింది. ఆఫీసంతా శాంతిదూత అని పిలుచుకునే ఆ పెద్దమనిషి పదిహేనేళ్లుగా ప్రపంచంలోని ప్రతి తగువు గురించీ మాట్లాడాడు గానీ, ఒక్క తగువునీ దగ్గర్నుంచి చూసే అదృష్టం దక్కలేదు. గుమ్మంలో నిలబడి పరవశంగా చూశాడు.

"ఉభయపక్షాలూ సంయమనం పాటించాలి" అన్నాడు.

గొడవ దేనికని కిటికీ ఆయన గుసగుసగా అడిగితే, అది తర్వాత చూద్దామనీ, ముందు చర్చల బల్ల గుండ్రంగా ఉండాలా పలకలుగా ఉండాలా తేలాలనీ అన్నాడు. తేలలేదు. క్యాంటీను నుంచి రెండు రకాల బల్లలూ ఈడ్చుకొచ్చారు. తొమ్మిదో ప్రయత్నం, పదో ప్రయత్నం అలా పోయాయి.

ఒంటిగంటకి అసలు పిడుగు పడింది. వార్తల విభాగం కింది అంతస్తులోనే ఉంది. బులెటిన్‌కి అరనిమిషం సరుకు తక్కువై దిక్కులు చూస్తున్న వార్తలావిడకి పైనుంచి బల్లలు ఈడుస్తున్న చప్పుడు వినబడింది. రేడియో సిబ్బందిలో ఒక వర్గం మౌన నిరసనకు దిగిందనీ, ఒకే ఒక్క డిమాండుకు సంకేతంగా వేలెత్తి చూపుతున్నారనీ, ఆ డిమాండు ఏమిటో వెల్లడించేందుకు నిరాకరిస్తున్నారనీ దేశమంతటికీ చదివేసింది. పావుగంటలో పక్క ఊరి కేంద్రం నుంచి ఫోనొచ్చింది. మేమూ కూర్చున్నాం, డిమాండు ఏమిటో చెబితే మాకూ వీలుగా ఉంటుంది, అని.

కార్లో భోజనానికి వెళ్తున్న డైరెక్టరు ఆ వార్త తన రేడియోలోనే విన్నాడు.

రెండింటికి ఆయన రికార్డు రూములోకి వచ్చేసరికి నలభై మంది. ఎప్పుడూ ఆయన మాట్లాడుతుంటే వీళ్లు వినడమే గానీ, వీళ్లు మాట్లాడకపోతే ఏం చెయ్యాలో ఆయనకెవరూ నేర్పలేదు. లీడరెవరయ్యా అన్నాడు. నలభై జతల కళ్లు హెడ్‌ఫోన్లవైపు తిరిగాయి.

రికార్డిస్టు తలెత్తి టైము చూశాడు. గోడ గడియారం రెండూ ఏడు. ఇప్పుడు నిజం చెబితే నలభై మంది ముందూ వెర్రివాడవుతాడు. చెప్పకపోతే ప్రొఫెసరుకిచ్చిన మాట పోతుంది. మాట్లాడని ఆ తల్లి కథ పాత పాటల కిందపడి నలిగిపోతుంది. జీవితంలో మొదటిసారి, లోపలున్న మొదటివాడు నోరు తెరిచాడు.

"ఏం కావాలయ్యా నీకు?" అన్నాడు డైరెక్టరు.

"ఒక్క నిమిషం నిశ్శబ్దం సార్."

"అంతేనా?"

"అంతే సార్. మీరు కూడా. తలుపు మూసేసి."

డైరెక్టరు ముఖంలో రంగులు మారాయి. తనని ఒక్క నిమిషం నోరు మూసుకొమ్మని అడిగినవాడు ఈ ఉద్యోగంలో ఇంతవరకూ తగల్లేదు. ఖాళీ కుర్చీ లేక గుండ్రటి బల్ల మీదే కూర్చున్నాడు. తలుపు మూశారు. రికార్డిస్టు మీట నొక్కాడు.

పదో సెకనుకి కుర్చీల కదలిక ఆగిపోయింది. ఇరవయ్యో సెకనుకి ఊపిర్లు సర్దుకున్నాయి. నలభై ఒళ్లు చప్పుళ్లన్నిటినీ పీల్చేసుకుని, ఆ గది నిన్నటికంటే లోతుగా, మెత్తగా అయింది. నిన్నటి ముగ్గురి నిశ్శబ్దం కాదు గానీ, పనికొస్తుంది. హెడ్‌ఫోన్లలో ఆ నిశ్శబ్దం వింటుంటే అతనికి నలభై మందీ ఏదో చెప్పబోయి ఆగినట్టనిపించింది. ముప్పై ఏడో సెకనులో భోజనం చెయ్యని డైరెక్టరు కడుపు గుర్రుమంది. ఎవరూ నవ్వలేదు. అది కోసేసుకోవచ్చు. అరవై.

"అయిపోయింది సార్" అన్నాడు.

డైరెక్టరు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, ఈ గది ఉక్కగా ఉంది, ఫ్యాను ఆపేసిందెవరు, అని అడిగాడు. కిటికీ సంగతి, లిఫ్టు సంగతి కూడా ఆయనంతట ఆయనే అడిగి తెలుసుకుని, వారంలోగా చేయిస్తానన్నాడు. అందరూ ఒక వేలే చూపిస్తున్నారు గనక, ఈ వారం 'లోకంతో మాటామంతీ'కి ఒక నిమిషం అదనంగా ఇస్తున్నట్టు ప్రకటించి భోజనానికి వెళ్లిపోయాడు. చర్చలు సఫలమయ్యాయని శాంతిదూత కళ్లు తుడుచుకున్నాడు. అతను కాక సంగతి మొదటినుంచీ తెలిసినవాళ్లు ఆ గదిలో అక్కయ్యా, టైపిస్టూ మాత్రమే.

"చెప్పాల్సింది కదా అక్కయ్యా" అన్నాడు అతను, గది ఖాళీ అయ్యాక.

"ఏం జరిగినా మాట్లాడొద్దన్నావు. పైగా తమ్ముడూ, నేను మాట్లాడి మాట్లాడి ఆరేళ్లుగా రాని కొత్త ఫ్యాను, నోరు మూసుకుంటే నాలుగ్గంటల్లో వస్తోంది. మధ్యలో నాకెందుకు తెరవబుద్ధవుతుంది?"

పదకొండు దగ్గులూ పోయాయి. "ఆవిడకి తెలుసు బాబూ" అన్న మాట తర్వాత అతను ఆ నిశ్శబ్దంలోంచి పదిహేను సెకన్లు తీసి అలాగే పెట్టాడు. రేడియోలో పదిహేను సెకన్లు ఎవరూ మాట్లాడకపోవడం నేరంతో సమానం. ఉంచేశాడు. రెండూ యాభై అయిదుకి చివర మిగిలింది, వ్యాఖ్యాత ధన్యవాదాల వెనకాల, నాలుగు సెకన్ల వాక్యం. అదనపు నిమిషంలో దానికి చోటుంది. అయినా చెయ్యి అలవాటుగా కోత మీట మీదికి వెళ్లింది. కాసేపు అక్కడే ఆగింది. ఫారంలో తనకో గడి లేదని ఎవరన్నారు, తను తప్ప? చెయ్యి వెనక్కి తీసుకుని, వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, టేపు పై గదికి పట్టుకెళ్లి ఇచ్చాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య రేడియో కట్టేసి, కొత్తగా ఏదో తెలిసినదానిలా గుమ్మంలో ఎదురొచ్చింది.

"ఏమండీ, మీ ఆఫీసులో అచ్చం మీ పేరున్నాయన ఇంకొకాయన ఉన్నారే."